కారుకు సొట్ట పడింది… క్లెయిమ్ చేయాలా, చేతి డబ్బు పెట్టుకోవాలా?

ప్రశ్న: మాది విజయవాడ. ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా చేస్తున్నాను. పోయిన వారం బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడిందని కారు ఆపితే, వెనక వస్తున్న కారు వచ్చి గుద్దింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. వెనక బంపర్ పగిలింది, డిక్కీ తలుపు సొట్టపోయింది, ఒక టెయిల్ ల్యాంప్ విరిగింది. గుద్దినాయన ‘పోలీసులు వద్దండీ’ అని బతిమాలి, 3,000 రూపాయలు చేతిలో పెట్టి, ఫోన్ నంబరిచ్చి వెళ్లిపోయారు. షోరూంలో 18,000 ఎస్టిమేట్ ఇచ్చారు. ఆటోనగర్‌లో మాకు తెలిసిన మెకానిక్ 9,500కి చేస్తానంటున్నాడు. షోరూం వాళ్లేమో ‘క్లెయిమ్ పెట్టేయండి మేడమ్, ఎడమ డోరు మీది పాత గీతలు కూడా ఇందులోనే కలిపేద్దాం’ అంటున్నారు. కారు మావారి పేరున ఉంది, నడిపింది నేను. ఫారంలో మావారే నడిపినట్టు రాస్తే తలనొప్పి ఉండదని ఏజెంటు సలహా. కారు కొని నాలుగేళ్లు దాటింది, ఇంతవరకు ఒక్క క్లెయిమూ చేయలేదు. ఇంకో మూడు నెలల్లో రెన్యువల్. పాలసీ కాపీ, ఎస్టిమేట్ పంపుతున్నాను. ఏటా కట్టిన డబ్బంతా ఇప్పుడు కూడా వాడుకోకపోతే ఇక ఎందుకండీ?

జవాబు: క్లెయిమ్ చేయకండి. ఆటోనగర్‌లోనే బాగుచేయించుకోండి. కాకపోతే దానికంటే ముందు బంపర్ ఊడదీయించి, దాని వెనకాల ఏముందో మీ కళ్లతో చూడాలి. ఆ సంగతి చివర్లో చెబుతాను, ముందు లెక్క చూద్దాం.

మీరు పంపిన పాలసీలో మీ కారుకు జరిగే నష్టానికి ‘ఓన్ డ్యామేజ్’ అని ఒక భాగం, మీ కారు వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి ‘థర్డ్ పార్టీ’ అని ఇంకో భాగం ఉన్నాయి. మీ కారు ఇంజిన్ 1,197 సీసీ కాబట్టి థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు. 2022 జూన్ నుంచి ప్రభుత్వం ఖరారు చేసిన రేటు అది, మీరు క్లెయిమ్ చేసినా చేయకపోయినా అందులో తేడా రాదు. తేడా వచ్చేదంతా ఓన్ డ్యామేజ్ దగ్గరే. మీ కాగితంలో ఆ ప్రీమియం 8,000 అని ఉంది, దాని కిందే నో క్లెయిమ్ బోనస్ 45 శాతం తీసేసి 4,400 అని వేశారు. ఒక్క క్లెయిమూ చేయకుండా నాలుగేళ్లు గడిపినందుకు వచ్చిన రాయితీ అది. మొదటి ఏడాదికి 20 శాతం, తర్వాత 25, 35, 45 అవుతూ ఐదో ఏటికి 50 దగ్గర ఆగుతుంది. అంటే మూడు నెలల్లో మీరు 50 శాతం మెట్టు ఎక్కబోతున్నారు.

ఇప్పుడు ఒక్క క్లెయిమ్ చేస్తే చాలు, ఆ 50 కాస్తా సున్నా అవుతుంది. సగం తగ్గడం కాదు, పూర్తిగా పోతుంది. మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి.

ప్రీమియం ఇలాగే 8,000 దగ్గర ఉంటుందనుకుందాం. వచ్చే రెన్యువల్‌లో 4,000 కట్టాల్సిన చోట 8,000 కడతారు, తేడా 4,000. మరుసటి ఏడు మీకు 20 శాతమే వస్తుంది కాబట్టి 6,400 కడతారు, తేడా 2,400. ఆ తర్వాతి ఏళ్లలో తేడా 2,000, 1,200, 400. ఆరో ఏటికి గానీ ఇప్పుడున్న చోటికి చేరరు. మొత్తం 10,000 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ కలిపితే 11,800. ఇది మీ ఒక్కరి లెక్క కాదు. 50 శాతం బోనస్ దగ్గరున్న ఎవరికైనా ఒక క్లెయిమ్ ఖరీదు, బోనస్ తీయకముందు ఉన్న ఓన్ డ్యామేజ్ ప్రీమియానికి ఒకటింపావు వంతు. జీఎస్టీతో కలిపి దాదాపు ఒకటిన్నర వంతు. కారు పాతబడే కొద్దీ దాని విలువ తగ్గి ప్రీమియం కూడా కొంత దిగుతుంది కాబట్టి అసలు నష్టం కాస్త తక్కువే ఉండొచ్చు. ఈ ఐదేళ్లలో ఇంకో క్లెయిమ్ ఎలాగూ చేయాల్సి వస్తే అప్పుడూ తగ్గుతుంది. అయినా నిర్ణయం తీసుకోవడానికి ఈ లెక్క సరిపోతుంది.

ఇక కంపెనీ మీకిచ్చేది ఎంత? షోరూం ఎస్టిమేట్ 18,000 అంటే కంపెనీ 18,000 ఇస్తుందని కాదు. పోయిన రెన్యువల్‌లో ప్రీమియం తగ్గుతుందని మీ ఏజెంటు జీరో డిప్రిసియేషన్ (జీరో డెప్) అనే అదనపు కవర్ తీసేయించారు. అది లేకపోతే వస్తువు పాతబడిందని దాని ఖరీదులో కొంత తరుగు కింద కోస్తారు. ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ, టైర్లకు 50 శాతం కోత. ఇనుప భాగాలు మార్చాల్సి వస్తే మీ కారు వయసుకు 35 శాతం. అద్దానికి మాత్రం తరుగు లేదు.

మీ ఎస్టిమేట్‌ను వరుసగా చూడండి. బంపర్ 4,200, ప్లాస్టిక్ కాబట్టి 2,100 మీ మీద పడుతుంది. టెయిల్ ల్యాంప్ 2,400, అందులో 1,200 మీదే. బంపర్‌కూ డిక్కీ తలుపుకూ కలిపి పెయింటింగ్ 7,600. ఇందులో నాలుగో వంతును రంగు ఖరీదుగా లెక్కగట్టి అందులో సగం కోస్తారు, అంటే 950. క్లిప్పులు, స్క్రూలకు వేసిన 300 కన్స్యూమబుల్స్ (కంపెనీ ఇవ్వని చిల్లర సామాను) కింద పోతుంది. సొట్ట తీసే టింకరింగ్ పని 2,500, బిగింపు కూలి 1,000 మాత్రం కోత లేకుండా వస్తాయి. చివరన కంపల్సరీ డిడక్టబుల్, అంటే మీరే తప్పనిసరిగా పెట్టుకోవాల్సిన వాటా అని 1,000 తీస్తారు. 1,500 సీసీ లోపు కార్లకు ప్రతి క్లెయిమ్‌కూ ఇది తప్పదు, అంతకు మించితే 2,000. మొత్తం కోతలు 5,550. కంపెనీ ఇచ్చేది 12,450.

చేతికి 12,450 వస్తుంది, వచ్చే ఐదేళ్లలో 11,800 పోతుంది. ఇంత తిరుగుడుకూ మిగిలేది 650 రూపాయలు. అదీ షోరూం రేటుతో పోల్చుకుంటేనే. క్లెయిమ్ దారిలో వెళ్తే ఇప్పుడు పెట్టుకునే 5,550, తర్వాత పోయే 11,800 కలిపి మీకు 17,350 ఖర్చు. ఆటోనగర్‌లో 9,500. అందులో గుద్దినాయన ఇచ్చిన 3,000 పోను మీ జేబులోంచి వెళ్లేది 6,500. ఇంత తేడా ఉన్నప్పుడు క్లెయిమ్ వైపు చూడాల్సిన పనే లేదు.

షోరూం సలహాదారు చెప్పింది వాళ్ల పనికి సరిపోయే మాట. మీ బోనస్ పోవడం వాళ్ల బిల్లులో ఎక్కడా కనపడదు. అందుకే ఎవరు క్లెయిమ్ పెట్టమన్నా ముందు పాలసీలో ఈ రెండు సంగతులు చూసుకోమని అడిగినవాళ్లందరికీ చెబుతుంటాను: బోనస్‌కు ముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఎంత, జీరో డెప్ ఉందా లేదా. మీకు జీరో డెప్ ఉండి ఉంటే కోతలు 1,300 దగ్గరే ఆగేవి, కంపెనీ 16,700 ఇచ్చేది. అప్పుడు కొంచెం ఆలోచించాల్సి వచ్చేది. ఆటోనగర్ రేటుతో చూస్తే అప్పుడూ నా జవాబు మారేది కాదు.

పాత గీతలు కలపమన్నారే, ఆ మాట అక్కడే వదిలేయండి. వెనక నుంచి గుద్దితే ఎడమ డోరు మీద గీతలు ఎలా పడతాయని, నష్టం అంచనా వేయడానికి వచ్చే సర్వేయర్ మొదట అడిగేదే అది. గీత ఏ వైపు లాగింది, దానిలో తుప్పు, దుమ్ము పట్టాయా అన్నది చూసి పాతదో కొత్తదో వాళ్లు పసిగట్టేస్తారు. వేరే రోజు, వేరే చోట తగిలిన దెబ్బ వేరే క్లెయిమ్ అవుతుంది, దానికి వేరే 1,000 కోత. అబద్ధం కలిపినట్టు తేలితే నిజమైన నష్టానికి రావాల్సింది కూడా చేజారుతుంది.

ఏజెంటు చెప్పింది అంతకంటే పెద్ద తప్పు, దాని గురించి గట్టిగానే చెప్పాలి. కారు మీ వారి పేరున ఉంటే మీరు నడపకూడదని ఏ పాలసీలోనూ ఉండదు. యజమాని అనుమతితో, చెల్లుబాటయ్యే లైసెన్సు ఉన్న ఎవరు నడిపినా పాలసీ పనిచేస్తుంది. లేని తలనొప్పిని తప్పించడానికి ఒక అబద్ధం సంతకం చేసి ఇవ్వమంటున్నాడాయన. ఆ కూడలిలో కెమెరాలు ఉండొచ్చు, గుద్దినాయన రేపు ‘ఒక మేడమ్ నడుపుతున్నారు’ అని చెప్పొచ్చు. అప్పుడు ఇరుక్కునేది సంతకం పెట్టిన మీ వారు, ఏజెంటు కాదు. ఏ క్లెయిమ్‌లోనైనా నడిపినవారి పేరు నడిపినవారిదే రాయండి. మీ లైసెన్సు గడువు ఎప్పటిదాకా ఉందో కూడా ఒకసారి చూసుకోండి, చాలామంది దగ్గర ఇబ్బంది వచ్చేది అక్కడే.

గుద్దినాయన ఇన్సూరెన్స్ నుంచి రాబట్టలేమా అని మీకు అనుమానం రావచ్చు. చట్టప్రకారం రాబట్టొచ్చు. ప్రైవేటు కార్ల థర్డ్ పార్టీ పాలసీలో ఎదుటివారి ఆస్తి నష్టానికి మామూలుగా 7.5 లక్షల దాకా కవరేజీ ఉంటుంది. కానీ దానికి పోలీసు ఫిర్యాదు, ఆపైన మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్, వాయిదాలు. 9,500 పని కోసం అంత దూరం వెళ్లమని నేను చెప్పను. ఆటోనగర్ ఎస్టిమేట్ ఫోటో తీసి ఆయనకు వాట్సాప్‌లో పంపండి. ‘ఖర్చు ఇంతవుతోందండీ, మీరింకొంచెం ఇస్తే బాగుంటుంది’ అని మర్యాదగా అడగండి. తప్పు తనదని ఒప్పుకున్న మనిషే కదా. ఇస్తే యూపీఐలో వేయించుకోండి, రికార్డు ఉంటుంది. ఒకవేళ తర్వాత మీరే క్లెయిమ్ చేయాల్సి వస్తే, ఆయనిచ్చిన డబ్బు సంగతి కంపెనీకి దాచకుండా చెప్పాలి. ఒకే నష్టానికి రెండు చోట్ల తీసుకోవడం కుదరదు.

తప్పు మనదైన రోజు కూడా రావచ్చు, అందుకే ఈ మాట. ఎదుటివారి బండికి మనం తగిలిస్తే ‘మొత్తం నేనే ఇచ్చుకుంటా’ అని కాగితం రాసివ్వకండి. కంపెనీ అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోకూడదని పాలసీలోనే షరతు ఉంటుంది. ఎవరికైనా దెబ్బ తగిలితే ఈ లాభనష్టాల లెక్కలన్నీ పక్కన పెట్టాలి. ముందు ఆసుపత్రి, తర్వాత 24 గంటల్లోపు పోలీసులకు చెప్పడం, ఇన్సూరెన్స్ కంపెనీకి తెలియజేయడం. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చెప్పేది ఇదే. అప్పటికప్పుడు ఐదు వేలు చేతిలో పెట్టి పంపేసిన మనిషికి వారం తర్వాత ఎముక విరిగిందని తేలితే రెండు కుటుంబాలూ నలిగిపోతాయి. దెబ్బలున్న చోట నగదు రాజీలు వద్దే వద్దు.

‘కట్టిందంతా వృథాయేనా’ అన్నారు. ఆ బాధ నాకు అర్థమైంది. టీచరు జీతంలోంచి ఏటా కట్టడం తేలిక కాదు. కానీ ఆ డబ్బు ఈ బంపర్ కోసం కట్టింది కాదండీ. కారు పూర్తిగా నుజ్జయినా, దొంగలెత్తుకుపోయినా, మీ కారు వల్ల ఇంకొకరి ప్రాణం మీదికొచ్చినా ఆ భారం మీ ఇంటి మీద పడకుండా కట్టింది. 6,500 మీరు సర్దుకోగలరు, ఆరు లక్షలు సర్దుకోలేరు. నెలకు 500 చొప్పున ఒక రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టి దాన్ని బండి మరమ్మతులకే ఉంచండి. ఇలాంటి చిన్న దెబ్బలు దాంట్లోంచే వెళ్లిపోతాయి.

రెన్యువల్ వచ్చినప్పుడు జీరో డెప్ మళ్లీ అడగండి. ఐదేళ్లు దాటిన కార్లకు కొన్ని కంపెనీలు ఇవ్వవు, కొన్ని ఇస్తాయి. ప్రీమియం తగ్గుతుందని వాలంటరీ డిడక్టబుల్ (క్లెయిమ్‌లో మీరే పెట్టుకుంటానని ఒప్పుకునే అదనపు వాటా) పెట్టించుకోవద్దు, మీకు వచ్చే తగ్గింపు చాలా చిన్నది. గడువు దాటితే పాలసీ లేని కారు అవుతుంది, 90 రోజులు దాటితే ఇన్నాళ్లు కాపాడుకున్న బోనస్ కూడా పోతుంది. కంపెనీ మారినా బోనస్ మీతోనే వస్తుంది.

ఇక బంపర్ సంగతి. రంగు పని మొదలుపెట్టక ముందే మెకానిక్‌తో బంపర్ ఊడదీయించండి. దాని వెనకున్న రేకు, రెండు పక్కల చాసిస్ కొసలు వంగాయేమో చూడమనండి. డిక్కీ తలుపు మూసి, రెండు వైపులా సందు ఒకేలా ఉందో లేదో మీరే వేలు పెట్టి చూడండి. స్టెప్నీ ఉండే గుంతలో మ్యాట్ ఎత్తి, అడుగు రేకు ముడతపడిందేమో చూడండి. పార్కింగ్ సెన్సర్లు పనిచేస్తున్నాయో లేదో రివర్స్ గేరు వేసి చూసుకోండి. అన్నీ బాగుంటే పని చేయించేయండి.

లోపలి రేకు వంగి ఉంటే మాత్రం కథ మారుతుంది. కోసి అతికించే పని అది, బిల్లు ముప్పై వేలు దాటడం మామూలే, అప్పుడు క్లెయిమే సరైన దారి. ఫోటోలు తీయించి, ఏమీ బాగుచేయించకుండా బంపర్ తిరిగి పెట్టించి, అదే రోజు కంపెనీకి ఫోన్ చేయండి. ఇన్ని రోజులు ఎందుకు ఆలస్యమైందో ఉన్నదున్నట్టు చెప్పండి. నిజమైన క్లెయిమ్‌ను ఆలస్యం ఒక్కటే కారణంగా తోసిపుచ్చొద్దని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2011లోనే కంపెనీలకు చెప్పింది. తేల్చకుండా నాన్చితే బీమా భరోసా పోర్టల్‌లో గానీ, 155255కు ఫోన్ చేసి గానీ ఫిర్యాదు చేయొచ్చు. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చిన 30 రోజుల్లో న్యాయం జరగకపోతే బీమా ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ ఫిర్యాదులు కూడా అక్కడికే వెళ్తాయి, ఫీజు ఉండదు, వకీలు అక్కర్లేదు.