డాబా మీద సోలారుకి ఏ వైరు వేయించాలి

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

కడపలో మీ డాబా మీద 540 వాట్ల ప్యానెళ్లు ఆరు పెట్టిస్తున్నావని విని సంతోషించాను. ఇంటి వైరింగులో మిగిలిన కాయిల్ ఉంది, అదే ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీని ఇంటికి వాడే ఏసీగా మార్చే పెట్టె) దాకా లాగేద్దామని ఎవరన్నా ఒప్పుకోకు. ఇంట్లో వాడే మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల వేడికి తయారైంది. మే నెలలో ప్యానెళ్ల కింద సెగకి కరెంటు వేడి తోడైతే దాని తొడుగు గట్టిపడి బీటలు తీస్తుంది, వానాకాలంలో ఆ బీటల్లోకి నీళ్లు దిగుతాయి.

ఆరు ప్యానెళ్లు వరసగా కలిపితే పనిచేసేటప్పుడు సుమారు 250 వోల్టులు, లోడు లేకపోతే 300 దాకా డీసీ (ఒకే దిక్కున పారే కరెంటు) ఉంటుంది. ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి నిప్పురవ్వ పుట్టినా ఆరే వీలుంది. డీసీకి ఆ సున్నా లేదు. వదులు జాయింటు దగ్గర మంట మొదలైతే ఎండ ఉన్నంతసేపూ ఆగదు. నా భయమంతా దీని గురించే.

కాబట్టి సోలార్ డీసీ కేబులే కొను. తొడుగు మీద ఐఎస్ 17293 లేదా ఈఎన్ 50618 (ఇవి సోలార్ కేబుల్ నాణ్యతా ప్రమాణాల నంబర్లు), 1500 వోల్టుల డీసీ అని అచ్చయి ఉండాలి. లోపలి తీగ తగరం పూత పూసిన రాగి, పైకి తెల్లగా ఉంటుంది. ఒక పోగు కోసి చూడు, మధ్యలో ఎర్రగా కనిపించాలి. అక్కడా తెల్లగానే ఉంటే అల్యూమినియం అంటగట్టారన్నమాట. 4 స్క్వేర్ ఎంఎం కాయిల్ 100 మీటర్లకి రాగి ఒక్కటే మూడు కిలోలు దాటుతుంది, తొడుగుతో కలిపి ఐదు కిలోల పైచిలుకు. కొట్లోనే తూకం వేయించు, మొహమాటపడకు.

సైజు సంగతి. నీ ప్యానెళ్ల కరెంటు 13 ఆంపియర్లు. ఇన్వర్టర్ 25 మీటర్ల దూరంలో ఉంటే పోనూ రానూ 50 మీటర్లు. 4 స్క్వేర్ ఎంఎంలో మూడున్నర వోల్టుల దాకా తీగలోనే వృథాగా పోతుంది, వేడెక్కితే ఇంకాస్త. 250లో అది ఒకటిన్నర శాతం చుట్టుపక్కల, ఫర్వాలేదు. దూరం 40 మీటర్లు దాటితే 6 తీసుకో.

మంచి కేబుల్ కొన్నా ఎక్కువగా చెడేది కొసల దగ్గరే. ఎంసీ4 కనెక్టర్లు (సోలార్ కేబుళ్లని ఒకదానిలో ఒకటి దూర్చి కలిపే ప్లగ్గులు) రెండు వైపులా ఒకే కంపెనీవి ఉండాలి. వేరే కంపెనీది లోపలికి దూరినా లోపలి పిన్ను సరిగ్గా పట్టదు, వేడెక్కి కరుగుతుంది. తీగ కొసకి పిన్ను బిగించేటప్పుడు కటింగ్ ప్లయరుతో నొక్కనివ్వకు, దానికోసమే ఉండే క్రింపింగ్ టూల్ తెమ్మను. ఎండలో కరెంటు పారుతుండగా కనెక్టర్ ఊడదీయకూడదు. ముందు ఇన్వర్టర్, తర్వాత డీసీ ఐసొలేటర్ (ప్యానెళ్ల కరెంటుని తెంపే స్విచ్చి) ఆపాలి.

ఎరుపు, నలుపు తీగలు పక్కపక్కనే నడిపించు. చెరోవైపు తిప్పితే దగ్గర్లో పిడుగు పడ్డప్పుడు ఆ చుట్టులో పుట్టే వోల్టేజీ ఇన్వర్టర్ని కాల్చేస్తుంది. కేబుల్ స్లాబు మీద నీళ్లలో పడి ఉండకూడదు, స్ట్రక్చర్ అంచులకి ఒరుసుకోకూడదు. కేబుల్ కట్టే తెల్ల నైలాన్ టైలు ఎండకి పుటుక్కున తెగుతాయి, స్టీలువి వేయించు. కోతులు వచ్చే చోటైతే గొట్టంలోంచే తీయాలి. ఇన్వర్టర్లోకి కింది నుంచే ఎక్కించి, ఎక్కే ముందు కాస్త కిందికి వేలాడేలా వంపు ఉంచితే వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

బిల్లు మీద సైజు, ఐఎస్ నంబరు రెండూ రాయించుకో. గొట్టాలు మూయకముందే కనెక్టర్ల ఫొటోలు పంపు, చూసి చెబుతాను.

మీ మామయ్య