అప్‌లోడ్ స్పీడ్ ఎంతో అడక్కుండా ప్లాన్ తీసుకోకండి

నమస్తే అండి. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో సినిమాలు హాయిగా వస్తున్నాయి, మీ వీడియోలు పైకి ఎక్కడానికి మాత్రం రాత్రంతా పడుతోంది, కంపెనీ మోసం చేస్తోందా అని అడిగారు. అప్పుడే మోసం అనుకోకండి. ఆ 100 డౌన్‌లోడ్‌కి చెప్పిన అంకె అయి ఉండొచ్చు. మన దేశంలో 2023లో బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనం మార్చినప్పుడు కూడా కనీసం 2 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్ ఉండాలన్నారే గానీ అప్‌లోడ్ ఊసు లేదు.

నేను గుంటూరు బ్రాడీపేటలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. మొదట్లో మా ఇంట్లో కేబుల్ టీవీ వైరు మీద వచ్చే నెట్ ఉండేది, 50 ఎంబీపీఎస్ అని తీసుకున్నాం. ఒక మాఘమాసం పెళ్లి వీడియో, 40 జీబీ, అమెరికాలో ఉన్న పెళ్లికొడుకు అన్నయ్యకి పంపాల్సి వచ్చింది. సాయంత్రం ఆరింటికి పెట్టి, పొద్దున ఆరింటికి లేచి చూస్తే సగం కొంచెం దాటింది. స్పీడ్ టెస్ట్ చేశాను. డౌన్‌లోడ్ 48, అప్‌లోడ్ 4. ప్లాన్‌లో చెప్పే ఎంబీపీఎస్ అంటే సెకనుకి ఇన్ని మెగాబిట్లు అని, ఫైలు సైజు మాత్రం బైట్లలో ఉంటుంది. బైటుకి 8 బిట్లు. అంటే 40 జీబీకి 3,20,000 మెగాబిట్లు. సెకనుకి 4 చొప్పున 80,000 సెకన్లు, 22 గంటల పైమాటే.

అంతకంటే బాధ పెట్టింది ఇంకోటి. ఆ ఫైలు వెళ్తున్నంతసేపూ మా అమ్మాయి ఆన్‌లైన్ క్లాసు ఆగిపోయేది. టీచరు నోరు తెరిచినట్టే స్క్రీన్ మీద బిగుసుకుపోయేది. డౌన్‌లోడ్ ఖాళీగానే ఉంది కదా, ఎందుకిలా అని చాలా రోజులు టెన్షన్ పడ్డాను. డేటా మన దగ్గరికి వస్తుంటే, 'అందింది' అని మన వైపు నుంచి ఎప్పటికప్పుడు జవాబు వెళ్తూ ఉండాలి. ఆ జవాబులు కూడా నా పెళ్లి వీడియో వెనకాలే క్యూలో నిలబడేవి. అవి ఆలస్యమైతే వచ్చేవీ నెమ్మదిస్తాయి. అప్‌లోడ్ చేసే యాప్‌లో స్పీడ్ 3 దాటకుండా పరిమితి పెట్టాను, క్లాసు ఆగడం ఆగింది. మీ ఫోన్లు ఫోటోలు బ్యాకప్ చేసుకుంటున్నా ఇదే జరుగుతుంది, ఒకసారి చూడండి.

డౌన్‌లోడ్‌కీ అప్‌లోడ్‌కీ మధ్య ఈ తేడా కావాలని పెట్టిందే. ఇంట్లో వాళ్లు నెట్ నుంచి తీసుకునేదే ఎక్కువ కాబట్టి, పాత టెలిఫోన్ తీగలోనూ కేబుల్ వైరులోనూ ఫ్రీక్వెన్సీల్లో పెద్ద భాగం డౌన్‌లోడ్‌కి ఇచ్చి, అడుగున ఒక చిన్న ముక్క అప్‌లోడ్‌కి వదిలారు. మన వీధుల్లోకి వచ్చే ఫైబర్‌లో ఆ ఇరుకు చాలా తక్కువ. ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఒక పోగు మీద సెకనుకి డౌన్‌లోడ్‌కి దాదాపు 2.5 గిగాబిట్లు (2,500 మెగాబిట్లు), అప్‌లోడ్‌కి 1.25 గిగాబిట్లు ఉంటాయి. దాన్ని 32 ఇళ్లో 64 ఇళ్లో పంచుకున్నా, అందరూ ఒకేసారి అప్‌లోడ్ చేయరు గనక రెండు వైపులా 100 ఇవ్వగలుగుతారు. నేను ఫైబర్‌కి మారాక అంతే సైజు ఫైలు గంట, గంటంపావులో వెళ్లిపోతోంది.

మీది ఫైబరా, కేబులా చెప్పలేదు. రౌటర్ దగ్గరికి వచ్చేది దారం లాంటి సన్న వైరు అయి, చివర పచ్చదో నీలందో చిన్న ప్లాస్టిక్ పిన్ను ఉంటే ఫైబర్. టీవీకి పెట్టే నల్లటి లావు వైరు అయితే కేబుల్, అందులో అప్‌లోడ్ పెంచమని అడిగినా పెద్దగా ఫలితం ఉండదు. ఫైబరే అయితే ముందు వై-ఫైని అనుమానించండి. ఫోన్ పంపే వై-ఫై సిగ్నల్ రౌటర్ పంపేదానికంటే బలహీనం, అందుకే వెనక గదిలోంచి అప్‌లోడ్ ఎక్కువ పడిపోతుంది.

ఈ రాత్రి తొమ్మిది దాటాక, ఫోన్లన్నిటిలో వై-ఫై ఆపేసి, రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి లాన్ వైరు పెట్టి స్పీడ్ టెస్ట్ చేయండి. వచ్చిన రెండు అంకెలూ, మీ ప్లాన్ కాగితంలో అప్‌లోడ్ అని ఏం రాసుందో అదీ ఇక్కడ పెట్టండి, కంపెనీని ఏమని అడగాలో చెప్తాను.