తిరిగి ఇచ్చేయాల్సిన పుస్తకం: ఒక యువ రచయిత్రికి లేఖ

విద్యానగర్,
హైదరాబాద్.

బిడ్డా,

మీ నాన్న మొన్న వచ్చి నీ ఉత్తరం, వ్యాసం ఇచ్చి వెళ్ళాడు. వ్యాసానికి ‘లైబ్రరీ పుస్తకాలతో ఒక నెల’ అని పేరు పెట్టావు. పొద్దున్నే పనులన్నీ పక్కన పెట్టి జవాబు రాయడానికి కూర్చున్నానంటే, ఎనిమిదో పుస్తకం దగ్గర నువ్వు బ్రాకెట్లో పెట్టిన ఒక్క వాక్యమే కారణం. ఈ కాపీలో చివరి పేజీలు చిరిగిపోయాయి, కౌంటర్ దగ్గర ఉండే పెద్దాయన ముగింపు చెప్పాడు అని రాశావు. వెంటనే ఆ నవలకు అయిదింటికి నాలుగు నక్షత్రాలు ఇచ్చి తొమ్మిదో పుస్తకంలోకి వెళ్ళిపోయావు.

నాకు కోపం వచ్చింది. అన్ని పేజీల వ్యాసంలో కథంటూ ఉన్నది అదొక్కటే, దాన్ని తీసుకెళ్ళి బ్రాకెట్లో పడేశావు. ఎవరాయన? లైబ్రేరియనా, అటెండరా? నువ్వు అడిగితే చెప్పాడా, పుస్తకం చూడగానే ఆయనే అందుకున్నాడా? తేదీ ముద్ర వేస్తూ చెప్పాడా, పని ఆపి చెప్పాడా? వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కున్నారా, విన్నారా? పాత్రల పేర్లు గుర్తున్నాయా, ‘ఆ పిల్ల’, ‘వాళ్ళ మామ’ అంటూ చెప్పాడా? ఆయన ఆ నవల చదివి ఎన్నేళ్ళయింది? ఇంటికెళ్ళాక నీకు ఆ ముగింపు రచయితది అనిపించిందా, ఆయనది అనిపించిందా? ఇందులో ఒక్కదానికీ నీ వ్యాసంలో జవాబు లేదు. పేరు కూడా అడగలేదని నా అనుమానం.

నీ వాక్యం శుభ్రంగా ఉంది. ఈ వయసుకు అది చాలు. మిగతా పదకొండు పుస్తకాల గురించి రాసినదాంట్లో మాత్రం నిలిచేది నాకేమీ కనిపించలేదు. నాలుగు ముక్కల్లో కథ, ‘హృదయాన్ని హత్తుకుంది’ అని ఒక మాట, ‘అందరూ తప్పక చదవాలి’ అని ఇంకో మాట, కింద నక్షత్రాలు. అట్ట వెనక ఉన్నది చదివి కూడా ఇంతమాత్రం రాయొచ్చు. నువ్వు అన్నీ చదివావని నాకు నమ్మకమే. కానీ చదివిన ఆనవాలు కాగితం మీద లేదు.

ఈ అలవాటు నీది కాదు, నీకు అంటించింది. నెలకు ఎన్ని, ఏడాదికి ఎన్ని అని లెక్కపెట్టడం, పుస్తకాలు దొంతరగా పేర్చి ఫొటో పెట్టడం ఇప్పుడొచ్చింది గానీ, దాని వేర్లు పాతవే. ఒక వారపత్రికలో కొంతకాలం పుస్తక పరిచయాలు రాశాను. పుస్తకానికి నూట యాభై మాటలు, అందులోనే వెల, పేజీలు, ప్రతులు దొరికే చిరునామా. ఇంత చిన్నదాంట్లో ఏం చెప్పను సార్ అని అడిగితే, ‘అంతా చదవడమెందుకమ్మా, ముందుమాట చూస్తే సరిపోతుంది’ అన్నాడు ఆ పేజీ చూసే ఎడిటర్. ఆయన పెద్ద పేరున్న మనిషి. ఆవిష్కరణ సభల్లో, విప్పి చూడని పుస్తకాల మీద అరగంట మాట్లాడేవాడు, శాలువా కప్పించుకునేవాడు. నేను ఆ పని మానేశాను. నాకు ఆయన మీద ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు, ఎందుకంటే ఆ పద్ధతిలోనే రెండు తరాల పిల్లలు పుస్తకం గురించి రాయడం నేర్చుకున్నారు.

సరే, నేను చెప్పదలుచుకున్న మాట ఒకటుంది. నా దగ్గరికొచ్చే ప్రతి పిల్లకూ, పిల్లాడికీ ఇదే చెప్తాను, విసుక్కున్నా చెప్తాను. రాయాలనుకునే మనిషిని తయారుచేసేది కొన్న పుస్తకం కాదు, తిరిగి ఇచ్చేయాల్సిన పుస్తకం. ఎరువు సొమ్ము బరువు చేటు అంటారు కదా, అది నగల విషయంలో నిజం. పుస్తకాల విషయంలో ఆ బరువే మనకు కావాలి. కొన్నది ఎక్కడికీ పోదు, అందుకే రేపు చూద్దాంలే అని బీరువాలో పెడతాం. ఎరువు తెచ్చుకున్నది వెళ్ళిపోతుంది. వెళ్ళేలోపల అందులోంచి ఏం తీసుకుంటావు, ఎక్కడ దాచుకుంటావు? నీ కౌంటర్ పెద్దాయన తలలో దాచుకున్నాడు. అంత జ్ఞాపకం లేనివాళ్ళం చేత్తో ఎత్తి రాసుకోవాలి. ఫోనులో ఫొటో తీసుకుంటే అది కొన్న పుస్తకంతో సమానం, మళ్ళీ దాని ముఖం చూడవు.

పెళ్ళయి నల్గొండ నుంచి ఈ ఊరొచ్చిన కొత్తలో ఒక ప్రైవేటు స్కూల్లో చేరాను. జీతం నెలాఖరుకు చేతికొస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. లైబ్రరీలో సభ్యత్వానికి డిపాజిట్ కట్టాలి, గెజిటెడ్ ఆఫీసరు సంతకం కావాలి అన్నారు. డిపాజిట్ ఎలాగో సర్దాను. సంతకం కోసం ఒక ఆఫీసు వరండాలో ఎన్నిసార్లు నిలబడ్డానో. నవలలు చదివి ఏం చేస్తావమ్మా, ఇంట్లో పని ఉండదా అని అడిగాడు అక్కడొకాయన. సంతకం పెట్టించుకునే బయటికొచ్చాను.

కొత్త నోటుబుక్కులు కొనే స్తోమత లేదు. పరీక్ష పేపర్లు దిద్దడం అయిపోయాక, పిల్లలు రాయకుండా వదిలేసిన తెల్ల కాగితాలు చింపి, దారంతో కుట్టి పుస్తకం చేసుకునేదాన్ని. రాత్రి అందరూ పడుకున్నాక వంటింటి లైటు కింద కూర్చుని నచ్చిన పేజీలు ఎత్తి రాసేదాన్ని. మరునాడు గడువు అంటే తెల్లవార్లూ రాసిన రోజులున్నాయి. వేలు వాచేది.

కళ్ళు జారిపోయే చోట చెయ్యి జారదు బిడ్డా. సంభాషణ రాస్తున్నప్పుడు మంచి రచయిత ‘అన్నాడు’ ఎక్కడ పెట్టాడో, ఎక్కడ ఎగ్గొట్టాడో చేతికి తెలుస్తుంది. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మూడో మనిషి గదిలోకి వచ్చినట్టు ఎక్కడా చెప్పకుండానే ఎలా తెలియజేశాడో తెలుస్తుంది. చావు గురించి రాసిన పేరా ఎంత చిన్నదో రాస్తేగానీ తెలియదు. చదివినప్పుడు మూడు పేజీలు ఉన్నట్టనిపించిన ఘట్టం రాసుకుంటే ముప్పాతిక పేజీ కూడా లేకపోవడం చూసి నేను చాలాసేపు అలా ఉండిపోయాను. మిగతా రెండు పేజీలు నాలో ఎలా పుట్టాయి? ఆ ప్రశ్నతోనే నా రాత మొదలైంది.

ఇంకొకటి కూడా జరిగింది. పుస్తకంలో మనుషులు ఒక రకంగా మాట్లాడుతుంటే, రాసుకుంటూ పోతున్న నా చెయ్యి నాకు తెలియకుండానే మా ఊరి మాట రాసేసేది. పుస్తకంలో ‘వచ్చాడు’ అని ఉంటే నా కాగితం మీద ‘వచ్చిండు’ అని ఉండేది. మొదట కొట్టేసి సరిగా రాసేదాన్ని. తర్వాత కొట్టేయడం మానేశాను. నా మొదటి కథలో మనుషులు ఆ కాగితాల్లోంచే లేచి వచ్చారు. ఒక మాసపత్రికకు పంపితే ‘కథ బాగుంది, పాత్రల భాష సరిచేసి పంపగలరు’ అని కార్డు వచ్చింది. నేను సరిచేయలేదు, వాళ్ళు వేయలేదు. చాలా ఏళ్ళకు అదే పత్రికవాళ్ళు తెలంగాణ కథల ప్రత్యేక సంచిక వేస్తూ, మీ దగ్గర ఆ యాసలో ఏమైనా ఉందా అని ఫోన్ చేశారు. ఇవ్వలేదు. నా కోపం నాకుంది.

నీ వ్యాసంలో నన్ను నొప్పించిన మాట ఇంకొకటి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షల వాళ్ళే కూర్చుంటారు, నిజమైన పాఠకులకు చోటు లేదు అని రాశావు. ఆ వాక్యం నువ్వు తీసేయాలి. వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి అశోక్‌నగర్‌లో, చిక్కడపల్లిలో ఇరుకు హాస్టల్ గదుల్లో ఉండే పిల్లలు. గ్రూప్స్, డీఎస్సీ అంటూ ఏళ్ళ తరబడి చదువుతారు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు, ఊళ్ళో అమ్మానాన్నలకు ఏం చెప్పాలో తెలియదు. వాళ్ళకు ఒక బల్ల, ఒక ఫ్యాను, నిశ్శబ్దం ఇస్తున్న చోటు అది. ఒకసారి వాళ్ళ బల్లల మధ్య నడిచి చూడు. అందరూ చేత్తో రాసుకుంటూ ఉంటారు, కొనలేని పుస్తకంలోంచి నోట్సులోకి. నిజమైన పాఠకులు వాళ్ళు కాకపోతే ఎవరు? నెలంతా అక్కడికి వెళ్ళి వచ్చావు, ఒక్కరితో మాట్లాడినట్టు లేదు.

‘అన్నీ ఫ్రీ’ అని కూడా రాశావు. ఫ్రీ కాదు. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద మనం కట్టే ఆస్తి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను ఉంటుంది. మీ నాన్న కట్టే ఇంటి పన్ను రసీదు తీసి చూడు. నువ్వు తెచ్చుకున్న ఆ నవల వెనక ఈ ఊళ్ళో రేకుల ఇల్లు ఉన్నవాళ్ళ పైసలు కూడా ఉన్నాయి.

అంతకంటే ముందు సంగతి కూడా తెలుసుకో. ఉర్దూ రాజభాషగా ఉన్న రోజుల్లో, తెలుగు పుస్తకం దొరకడమే గగనమైన ఈ ఊళ్ళో, 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు గారింట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు తోడు నిలిచారు. సుల్తాన్ బజార్‌లో అది ఇప్పటికీ ఉంది, నువ్వు కోఠీకి బట్టలు కొనడానికి పోయేటప్పుడు దాని దగ్గర్లోంచే పోతావు. దానికంటే పదేళ్ళ ముందు, 1891లో మొదలైన ఆసఫియా గ్రంథాలయమే ఇవ్వాళ అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. 1938లో దేశోద్ధారక గ్రంథమాల అనే ప్రచురణ సంస్థ పెట్టిన రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు తానే మోసుకుని తిరిగి అమ్మాడు. నీకు పుస్తకం చేరడానికి ఇంతమంది నడిచారు. వాళ్ళు నడిచింది నువ్వు నక్షత్రాలు వేయడానికి కాదు.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని చెప్తాను. ఆ చివరి పేజీలు చిరిగిన నవల ఇంకో కాపీ వెతుకు. అఫ్జల్‌గంజ్‌లో చూడు, సుల్తాన్ బజార్‌లో అడుగు, లేకపోతే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలవాళ్ళను అడిగి చూడు. దొరికాక ఆ పేజీలు తెల్ల కాగితం మీద గుండ్రటి అక్షరాలతో ఎత్తి రాయి. రాసేముందు, ఆయన నీకు చెప్పిన ముగింపు గుర్తున్నంత వరకు ఆయన మాటల్లోనే వేరే కాగితం మీద పెట్టుకో. రెండూ పక్కపక్కన పెట్టి చూడు. ఎక్కడ తేడా వచ్చింది, ఆయన ఏం వదిలేశాడు, ఏం కలిపాడు? ఎవరిని కాస్త మంచివాణ్ణి చేశాడు? ఆ తేడాల గురించే నీ వ్యాసం. రాసిన పేజీలు తీసుకెళ్ళి పుస్తకంలో అంటిస్తారా అని అడుగు. ఒప్పుకుంటారో లేదో వాళ్ళ ఇష్టం. అడగడం మాత్రం మానకు.

వచ్చే నెలలో పన్నెండు వద్దు, రెండు పుస్తకాలు చాలు. కొత్త పుస్తకాల ర్యాకు వైపు పోకు. లైబ్రరీల్లో పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలు వేసే డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యం అంకె 894.827. ఆ అంకె ఉన్న అరల్లో కిందికి వంగితేగానీ కనపడని వరస ఉంటుంది కదా, అక్కడ తేదీ చీటీ మీద ముద్రలు ఆగిపోయిన పుస్తకం ఒకటి తియ్యి. ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు ఉంటాడని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే సూత్రం రాసిపెట్టారు. ఆ పుస్తకం బాగా లేకపోవచ్చు. అయినా అందులో ఒక్క మంచి పేజీ దొరికేదాకా చదువు, ఆ పేజీ ఎత్తి రాయి. నచ్చిందో లేదో నాకు చెప్పకు. ఆ పేజీ ఎలా కట్టాడో చెప్పు.

ఏ పత్రికకు పంపాలి అని అడిగావు. ఇప్పుడు దేనికీ పంపకు. వ్యాసం మళ్ళీ రాశాక చూద్దాం. ముందుమాట రాయమన్నావట మీ నాన్నతో. నేను ఎవరికీ ముందుమాటలు రాయను, మీ నాన్నకు ఆ సంగతి తెలుసు. నీ ఉత్తరంలో ఉన్న మిగతా ప్రశ్నలు ఇప్పుడు నీకు అవసరం లేనివి.

కాగితాలు పోస్టులో పంపినా సరే, తెచ్చి ఇచ్చినా సరే. వాట్సాప్‌లో వద్దు, నా కళ్ళకు ఆనదు. నువ్వు ఎత్తి రాసిన పేజీలు కూడా వ్యాసంతోపాటు పంపు, ముందు అవే చూస్తాను. సాయంత్రం నాలుగు దాటాక ఎప్పుడొచ్చినా ఇంట్లోనే ఉంటాను. మీ అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ నాన్న వాళ్ళ తెలుగు టీచర్