లెక్కల గది తలుపు తెరువు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ నవల రెండు రాత్రుల్లో చదివాను. మొదటి రాత్రి కోపమొచ్చింది. రెండో రాత్రి ఏడో అధ్యాయం దగ్గర ఆగిపోయాను. క్యాసినో లెక్కల గదిలో నోట్లు ఎంచే ముసలామె, కట్ట మీది రబ్బరు బ్యాండు తీసి ముంజేతికి వేసుకుంటుంది చూడు, అక్కడ. ఆమెకు నువ్విచ్చింది నాలుగు వాక్యాలు. విన్సెంట్ తుపాకులకు అరవై పేజీలు!

కోపం ఎందుకంటావా? నీ కథ 1974 నాటి లాస్ వేగాస్‌ది. విన్సెంట్ ఊరంతా ఎరిగిన గూండా, పైగా తన పేరుమీదే క్యాసినో. అదెలా కుదురుతుంది? ఆ ఊరున్న నెవాడా రాష్ట్రంలో 1931 నుంచీ జూదం చట్టబద్ధమే గానీ లైసెన్సు ఉండాలి. పేరుమోసిన నేరగాళ్లు క్యాసినో గడప తొక్కకుండా 1960లోనే జాబితా కట్టారు. అందుకే గూండాలు వెనకుంటే, కాగితాల మీద యజమాని వేరొకడు ఉండేవాడు. 1974లో అక్కడి స్టార్‌డస్ట్ అనే క్యాసినోను కొన్న కంపెనీకి ఆరు కోట్ల డాలర్ల పైచిలుకు అప్పు ఎవరిచ్చారో తెలుసా? లారీ డ్రైవర్ల యూనియన్ పింఛను నిధి. జీవితమంతా బండి తోలినవాళ్లు ముసలితనానికి దాచుకున్న సొమ్మమ్మా అది. నీ నవలలో దాని ఊసే లేదు.

ఇక రెండు కుటుంబాల తగువు. ‘పాత పగ’ అని రాసి వదిలేశావు. దేనికి పగ? స్టార్‌డస్ట్‌లో నాణేలు తూచే కాటానే తక్కువ చూపేలా మార్చారు. చిట్టాకెక్కకముందే నొక్కేసిన డబ్బు ఊళ్లు దాటింది. వాటాల దగ్గర కాన్సాస్ సిటీ మాఫియా ముఠాకూ మిల్వాకీ ముఠాకూ పేచీ వచ్చింది. పంచాయితీ షికాగో మాఫియా పెద్దల ముందుకెళ్లింది. తీర్పు చెప్పినందుకు వాళ్లు పావు వంతు పట్టారు. పిల్లుల రొట్టె కోతి పంచినట్టే. ఈ తగువులో ఉన్న భయం నీ అరవై పేజీల కాల్పుల్లో లేదు.

నేనూ ఈ తప్పు చేశాను. రైసుమిల్లులో మూడేళ్లు గుమాస్తాగా చిట్టా రాసి, ఇద్దరు భాగస్వాముల తగువు మీద ఒక వారపత్రికలో సీరియల్ మొదలుపెట్టాను. దొంగ చిట్టా అధ్యాయం చూసి ఆ వారపత్రిక సంపాదకుడు, ‘ఈ లెక్కలెవడు చదువుతాడు, ఓ హత్య పెట్టండి’ అన్నాడు. ఇంటద్దె బాకీ ఉంది. పెట్టాను. పుస్తకమయ్యాక మా మిల్లు పెద్ద గుమాస్తాగారు చదివి, ‘వాడెందుకు చంపాడో నాకు బోధపడలేదు బాబూ’ అన్నారు. నలభై ఏళ్లయినా ఆ మాట గుచ్చుతూనే ఉంది. ఆ సంపాదకుణ్ణి నేనింకా క్షమించలేదు. ఇప్పుడు మొదటి పేజీలోనే నెత్తురు పారాలనేవాళ్లదీ అదే జబ్బు.

ప్రచురణకర్తల గురించి అడిగావు. అది తర్వాత చూద్దాం. ముందు ఏడో అధ్యాయం తిరగరాయి. ఆ ముసలామె పెనిమిటి లారీ తోలినవాడైతే? ఆయన పింఛను కోసం ఆమె రోజూ పోస్టు డబ్బా తెరిచి చూస్తుంటే? ఆమె పేరు కూడా పెట్టలేదు నువ్వు. పెట్టి పంపు.