గేజ్ చూపించే అంకెను నమ్మాలి: సముద్రపు చమురు బావుల మీద మీ ప్రశ్నలు

ప్రభుత్వరంగ చమురు సంస్థలో డ్రిల్లింగ్ ఇంజనీరుగా మొదలై, తర్వాత డెప్యుటేషన్ మీద ఆఫ్‌షోర్ భద్రతా తనిఖీల్లో పనిచేసి రిటైరైన ఒంగోలు వాసి ఈ నెల పాఠకులకు జవాబులు ఇస్తున్నారు.

ప్రశ్న: మాది కావలి. కాకినాడలో పెట్రోలియం ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. సముద్రంలో బావులను చూసుకునే గవర్నమెంటు ఇంజనీరు రిగ్గు మీదే ఉంటారా సార్? ఆయన రోజూ చేసే పని ఏమిటి?
– ఒక విద్యార్థి, కావలి

జవాబు: రిగ్గు మీద ఉండేది కంపెనీ మనుషులు నాయనా. మన దగ్గర చాలా చోట్ల 14 రోజులు సముద్రంలో, 14 రోజులు ఇంటి దగ్గర. ఆ డ్యూటీ నేను కుర్రతనంలో చేశాను. తనిఖీ వైపు వచ్చాక పనిలో ఎక్కువ భాగం బల్ల దగ్గరే నడుస్తుంది. ఆ మాటకు నీరుగారిపోవద్దు. బావి భద్రత సగం అక్కడే తేలిపోతుంది.

ముందు ఎవరేం చూస్తారో తెలుసుకో. ఏ బ్లాకులో ఎవరు తవ్వుతున్నారు, ఎంత తీస్తున్నారు, కాంట్రాక్టు ప్రకారం జరుగుతోందా అన్నది 1993లో పెట్టిన డీజీహెచ్, అంటే హైడ్రోకార్బన్ల డైరెక్టరేట్ జనరల్, చూస్తుంది. సముద్రంలో భద్రత ఓఐఎస్‌డీది, అంటే చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్. ఆ అధికారం దానికి 2008 నాటి ఆఫ్‌షోర్ భద్రతా నియమాలతో వచ్చింది. నేల మీద బావులైతే గనుల భద్రత వాళ్లు వస్తారు. మీ కుర్రాళ్లు ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడుతుంటారు.

నా బల్ల మీదికి బావి ఫైలు వస్తే మొదట తెరిచేది ప్రెషర్ గ్రాఫ్. లోతుకు వెళ్లే కొద్దీ రాళ్లలోని నీరు, గ్యాస్ ఎంత ఒత్తిడితో ఉన్నాయో ఒక గీత చెబుతుంది. ఎంత ఒత్తిడి పెడితే రాయి పగులుతుందో ఇంకో గీత చెబుతుంది. తవ్వేటప్పుడు బావిలో తిప్పే బరువైన బురద ద్రవాన్ని మడ్ అంటాం. దాని బరువు ఈ రెండింటి మధ్య ఉండాలి. తక్కువైతే గ్యాస్ బావిలోకి దూరుతుంది, దాన్నే కిక్ అంటాం. ఎక్కువైతే రాయి పగిలి మడ్ అందులోకి పోతుంది. కృష్ణా–గోదావరి బేసిన్‌లో కొన్ని చోట్ల లోతున ఈ రెండు గీతలూ బాగా దగ్గరికొచ్చేస్తాయి, దానికి తోడు వేడి. అలాంటి చోట కేసింగ్, అంటే బావి గోడలకు దన్నుగా దించే ఉక్కు గొట్టం, ఎక్కడిదాకా దించి సిమెంటు చేయాలన్నది మన ఇష్టం కాదు, ఆ గీతలు చెప్పినట్టు చేయాల్సిందే. "పక్క బావిలో ఇలాగే చేశాం" అని రాసి పంపితే, నేను ఆ పక్క బావి రికార్డు తెప్పించుకుని కూర్చునేవాణ్ని. అందులో కిక్ వచ్చిన రోజు ఏ లోతులో ఉన్నారో చూస్తే చాలా సంగతులు బయటపడతాయి.

కాలేజీలో ఈ గ్రాఫును సాఫ్ట్‌వేర్‌లో చూసి వదిలేయకు. ఒక్కసారైనా చేత్తో గీసి చూడు.

ప్రశ్న: కంపెనీకి తన ఇంజనీర్లు ఉంటారు, అనుభవం ఉంటుంది. బయటి నుంచి రెండు రోజులు వెళ్లిన ప్రభుత్వ అధికారి కొత్తగా ఏం కనిపెడతారు? సంతకాల తంతేమో అనిపిస్తుంది.
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, నెల్లూరు

జవాబు: మాస్టారూ, మీ అనుమానంలో న్యాయం ఉంది. చెక్‌లిస్టు పట్టుకుని టిక్కులు పెట్టుకుంటూ పోతే అది తంతే. కానీ ఈ పనిని అలా చేయకూడదు. ఎందుకో చెబుతాను.

బావి నోటి మీద బీఓపీ అని పెద్ద ఉక్కు వాల్వుల దొంతర ఉంటుంది. కిక్ వస్తే బావిని మూసేది అదే. దాన్ని గడువు ప్రకారం ప్రెషర్ పెట్టి పరీక్షిస్తారు. ముందు 250–350 పీఎస్‌ఐ (ఒత్తిడికి కొలత) దగ్గర, తర్వాత ఎక్కువ ప్రెషర్ దగ్గర. తక్కువతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ప్రెషర్ గట్టిగా తోస్తే రబ్బరు సీళ్లు బిగుసుకుని చిన్న లీకును దాచేస్తాయి. గుండ్రటి చార్టు కాగితం తిరుగుతుంటే పెన్ను దాని మీద గీత గీస్తుంది. ఐదు నిమిషాలు ఆ గీత సమంగా నిలబడాలి.

ఒక రిగ్గు మీద నేను చూస్తుండగా ఆ గీత కిందికి వాలింది. వెంట్రుకవాసి, అంతే. పక్కనున్నాయన "లైన్లో నీళ్లు చల్లబడుతున్నాయి సార్" అన్నారు. జరగని విషయమేమీ కాదు. అయితే చల్లబడటం వల్లయితే ఆ వాలు పోనుపోను తగ్గి గీత నిలబడాలి. ఇది ఒకే తీరుగా దిగుతోంది. మళ్లీ పెట్టమన్నాను. మళ్లీ అదే వాలు. ఒక్కో వాల్వునూ విడిగా పరీక్షిస్తే కిక్ వచ్చినప్పుడు గ్యాస్‌ను అదుపులో బయటికి వదిలే వాల్వుల గుంపులో, అంటే చోక్ మానిఫోల్డ్‌లో, ఒక వాల్వు సీటు గీసుకుపోయి ఉంది. అది మార్చేదాకా తవ్వకం ఆగింది. ఆ రాత్రి మెస్సులో నాతో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. లోతు సముద్రపు రిగ్గులకు అద్దె రోజుకు కోట్లలో ఉంటుంది, వాళ్ల టెన్షన్ వాళ్లది. నాకు వాళ్ల మీద కోపం లేదు.

2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి 11 మంది చనిపోయారు. 87 రోజులు నూనె సముద్రంలోకి కారింది. ఆ సాయంత్రం, బావి అడుగున సిమెంటు పట్టిందో లేదో చూసే నెగటివ్ ప్రెషర్ టెస్ట్ చేశారు. డ్రిల్ పైపు గేజ్ 1,400 పీఎస్‌ఐ చూపిస్తోంది. బీఓపీ పక్క నుంచి బావిలోకి వెళ్లే కిల్ లైన్ అనే సన్న పైపులో మాత్రం సున్నా. రెండూ ఒకే బావిలోకి తెరిచి ఉన్నప్పుడు రెండూ ఒకే మాట చెప్పాలి. అక్కడివాళ్లు ఆ 1,400కు ఏదో కారణం చెప్పుకుని సున్నాను నమ్మారు. టెస్ట్ పాసైందనుకుని మడ్ తీసేసి సముద్రపు నీళ్లు ఎక్కించడం కొనసాగించారు. రెండు గంటలు గడవకముందే గ్యాస్ పైకొచ్చేసింది. వాళ్లు పని రాని మనుషులు కారు, మాస్టారూ. అలసిపోయి, పని ముగించాలన్న తొందరలో ఉన్న మనుషులు. నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోయేది ఆ 1,400 కళ్లెదుటే ఉండటం.

మన అల్లూరు వైపు రొయ్యల రైతులకు ఇది కొత్త కాదు. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిపోతే "మబ్బు పట్టింది, అందుకే తినలేదు" అనుకుని పడుకునేవాడు ఉంటాడు, టార్చి తీసుకుని వెళ్లి ఆక్సిజన్ చూసుకునేవాడూ ఉంటాడు. రిగ్గుకు కట్టే రోజువారీ అద్దెతో, ఆలస్యంతో ఏ సంబంధమూ లేని కన్ను ఒకటి గేజ్ మీద ఉండాలి. ప్రభుత్వ ఇంజనీరు అవసరం అందుకే.

ఆ ప్రమాదం దాకా అమెరికాలో బావుల మీద రాయల్టీ వసూలు చేసేదీ భద్రత చూసేదీ ఒకే సంస్థ. దాన్ని విడగొట్టి 2011లో భద్రతకు వేరే బ్యూరో పెట్టారు. మన దగ్గర భద్రతా డైరెక్టరేట్‌లో పనిచేసేది ఎక్కువగా చమురు కంపెనీల నుంచి డెప్యుటేషన్ మీద వచ్చినవాళ్లే. నేనూ అలా వచ్చినవాణ్నే. పని తెలిసినవాళ్లు రావడం మంచిదే. కానీ కొన్నేళ్లకు తిరిగి అదే కంపెనీకి వెళ్లాల్సిన మనిషికి "ఆపండి" అనడం ఎంత కష్టమో నాకు తెలుసు. దీనికి సొంత క్యాడర్ ఉండి తీరాలి. సర్వీసులో ఉన్నప్పుడూ ఈ మాటే చెప్పాను, ఇప్పుడూ అదే చెబుతున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ. పెట్రోలియం ఇంజనీరింగే చదువుతానంటోంది. పాశర్లపూడి గ్యాస్ బావి మంటలు పేపర్లో చూసిన తరం మాది. పంపాలంటే భయంగా ఉందండీ.
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: 1995 జనవరి 8న మొదలైన ఆ మంట 65 రోజులు మండింది. మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ భయం తెలిసిన ఇంటి పిల్లలే ఈ పనికి రావాలండీ. ఆఫ్‌షోర్‌లో మహిళా ఇంజనీర్లు పనిచేస్తున్నారు, నేనూ వాళ్లతో కలిసి పనిచేశాను.

విశాఖలో 2016లో మొదలైన పెట్రోలియం, ఎనర్జీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, కాకినాడ జేఎన్‌టీయూ ఉంది, ధన్‌బాద్ ఐఐటీ ఉంది. గేట్‌లో పెట్రోలియం పేపర్ 2017 నుంచి ఉంది. డిగ్రీ అవగానే నేరుగా తనిఖీ అధికారి అవుదామని మాత్రం అనుకోవద్దని చెప్పండి. ముందు కంపెనీలో చేరి రిగ్గు మీద చేతులకు గ్రీజు అంటించుకోవాలి. సముద్రం మీదికి పంపే ముందు, హెలికాప్టర్ నీళ్లలో పడితే బయటపడే శిక్షణ ఇస్తారు. ఈత కొలనులో క్యాబిన్ నమూనాను తలకిందులు చేస్తే, బెల్టు విప్పుకుని కిటికీ గుండా బయటికి రావాలి. ఇప్పటి నుంచే ఈత నేర్పించండి.

ప్రశ్న: వేటకు కాకినాడ వైపు కూడా పోతుంటాం. ప్లాట్‌ఫారాల చుట్టూ చేప బాగా ఉంటుంది. దగ్గరికి పోతే తరిమేస్తారు. ఎందుకు సార్? నీళ్ల మీద నూనె కనిపిస్తే ఎవరికి చెప్పాలి?
– బోటు యజమాని, జువ్వలదిన్నె

జవాబు: చేప ఉండే మాట నిజమే తమ్ముడూ. ప్లాట్‌ఫారం కాళ్లకు నాచు, గుల్లలు పట్టి చేప అక్కడ చేరుతుంది. అయినా చుట్టూ 500 మీటర్లు భద్రతా ప్రాంతం. అడుగున పైపులైన్లు, బావుల తలలు ఉంటాయి. వల తగులుకుంటే వలా పోతుంది, ఒక్కోసారి బోటూ తిరగబడుతుంది. పైపు మీద లంగరు పడితే ఇంకా ప్రమాదం.

2005 జూలై 27న బాంబే హైలో ఏమైందో విను. చేతికి గాయమైన వంటమనిషిని దించడానికి వచ్చిన ఓడ ప్లాట్‌ఫారానికి తగిలింది. సముద్రం అడుగుకూ ప్లాట్‌ఫారానికీ మధ్య గ్యాస్ నడిచే రైజర్ పైపు దెబ్బతింది. మంటల్లో ప్లాట్‌ఫారమే పోయింది, 22 మంది చనిపోయారు. ఆ ఓడ సాయం చేయడానికి వచ్చిందే. నీ బోటు మీద స్టవ్ వెలుగుతుంటుంది, ఇంజను వేడిగా ఉంటుంది. అక్కడ గ్యాస్ లీకైతే దాన్ని అంటించేది అదే కావచ్చు. సెక్యూరిటీ వాళ్లు కసురుకుంటే కోపం వస్తుంది, నాకు తెలుసు. అయినా ఆ 500 మీటర్లు దాటొద్దు.

నూనె కనిపిస్తే కోస్ట్‌గార్డుకు చెప్పు. ఫోను సిగ్నల్ ఉంటే 1554, లేకపోతే వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానల్. మన కృష్ణపట్నంలోనూ వాళ్ల స్టేషన్ ఉంది. జీపీఎస్ అంకెలు, చూసిన టైము, నూనె రంగు, గాలి ఎటు వీస్తోంది, నూనె ఎటు పోతోంది, ఇవి చెప్పు. స్టవ్ ఆర్పేసి గాలికి ఎదురు వైపుకు వచ్చెయ్. ఫొటో తీస్తే జీపీఎస్ తెర కూడా కనిపించేలా ఇంకొకటి తియ్యి.