మావాడు మదర్‌బోర్డు ముందేసుకొని కూర్చుంటాడు, ఇది కెరీరేనా అని అడిగిన చిత్తూరు అన్నకు

అన్నా, మీ మెసేజ్ రెండు సార్లు చదివినా. మీవాడు తిరుపతిలో ఈసీఈ మూడో సంవత్సరం, శనాదివారాలు చిత్తూరికొస్తే చాలు పాత డెస్క్‌టాప్ బోర్డు ఒకటి టేబుల్ మీద పరుచుకొని కూర్చుంటాడు, కీబోర్డు పనిచేయలేదని మూడు రోజులు సరిగ్గా తిండి కూడా తినలేదు, చివరికి ఏదో ఫైల్లో ఒక్క మాట మార్చి గెంతులేసినాడు, క్లాసోళ్ళంతా వెబ్‌సైట్లు, యాప్‌లు తయారుచేసే ఫుల్‌స్టాక్ కోర్సుల్లో చేరతా ఉంటే వీడిట్లా ఉండాడు, బెంగళూరులో 60 వేలు కట్టి వీణ్ణి కూడా ఆ కోర్సులో చేర్పించేదా అని కదా మీరడిగింది. ఇప్పుడే కట్టొద్దన్నా. ఎందుకో చెప్తా.

వాడు చేసేది కోర్‌బూట్ పని. కంప్యూటర్ స్విచ్ వేసినాక విండోసో లైనక్సో లేచేలోపు ర్యామ్‌ని, చిప్పుల్ని నిద్రలేపే ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది కదా, మనం బయోస్ అంటామే, దాన్ని ఓపెన్ సోర్స్‌లో రాసిందే ఇది. 1999లో అమెరికాలో లాస్ అలమోస్ ల్యాబ్‌లో లైనక్స్‌బయోస్ పేరుతో మొదలైంది, 2008లో కోర్‌బూట్ అని పేరు మార్చినారు. పిల్లలు వాడే క్రోమ్‌బుక్కులు లేచేది దీంతోనే, కాబట్టి వాడేదో పనికిరాని ఆట ఆడతా ఉండాడని అనుకోవద్దు.

మొన్న ఆదివారం మీవాడితో ఫోన్లో గంటసేపు మాట్లాడినా. ఆ ఒక్క మాట ఏందిరా అని అడిగితే, "ఆఫ్ అని ఉన్నదాన్ని ఆన్ చేసినా సార్" అన్నాడు. ఆన్ చేసేది ఎవరైనా చేస్తారు, ఆ లైనే అని ఎట్లా తెలిసిందని అడిగినా. అప్పుడు చెప్పినాడన్నా అసలు కథ. కోర్‌బూట్‌లో ప్రతి బోర్డుకీ డివైస్‌ట్రీ అని ఒక ఫైలు ఉంటుంది, బోర్డు మీద ఏ చిప్పు దేనికి తగిలించి ఉంది, ఏ పోర్టు నంబరు, ఏ ఐఆర్‌క్యూ (ప్రాసెసర్‌ని పిలిచే సిగ్నల్ నంబరు), ఆన్ ఉండాలా ఆఫ్ ఉండాలా అన్నీ అందులోనే రాయాలి, బిల్డ్ చేసేటప్పుడు అది సీ లాంగ్వేజీ కోడ్‌గా మారిపోతుంది. మీవాడి బోర్డులో పాతరకం గుండ్రటి పిన్ను కీబోర్డు బోర్డులో కార్డులు, చిప్పులు కలిసే పీసీఐ అనే దారి మీద నేరుగా ఉండదు, సూపర్ ఐఓ అనే చిన్న చిప్పు లోపల 5వ నంబరు డివైస్‌గా ఉంటుంది, ఆ లైను 2ఇ.5 అని రాస్తారు, దాని కింద 60, 64 పోర్టులు, కీబోర్డుకు ఐఆర్‌క్యూ 1, మౌస్‌కు 12. వీడు వేరే బోర్డు ఫైలు కాపీ చేసుకొని మొదలుపెట్టినాడు, ఆ బోర్డుకు గుండ్రటి పిన్ను పోర్టే లేదంట, అందుకే అందులో ఆఫ్ అని ఉండాది.

దాన్ని పట్టుకున్న తీరు నాకు బాగా నచ్చింది. కంపెనీ బయోస్‌తో ఒకసారి, తన కోర్‌బూట్‌తో ఒకసారి బూట్ చేసి, సూపర్ ఐఓ టూల్ అనే ప్రోగ్రామ్‌తో ఆ చిప్పులో సెట్టింగులు దాచుకునే గళ్ళు, అంటే రిజిస్టర్లన్నీ రెండుసార్లూ బయటికి తీసి పక్కపక్కన పెట్టి చూసినాడు. 5వ డివైస్‌లో 30 నంబరు రిజిస్టరు కంపెనీదాంట్లో 1 అంటే ఆన్, వీడిదాంట్లో 0 అంటే ఆఫ్. అంతే. కంపెనీల్లో కొత్త బోర్డు వచ్చినప్పుడు సీనియర్లు చేసే పని కూడా ఇదేనన్నా, ఎవరూ నేర్పకుండా మీ ఇంట్లో టేబుల్ మీద చేసినాడు.

ఇంక ఉద్యోగాల సంగతి, ఉన్నది ఉన్నట్టు చెప్తా. రేణిగుంట దగ్గర, శ్రీసిటీలో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు ఉండాయి కదా అని చాలామంది తల్లిదండ్రులు నన్నడుగుతారు, అక్కడ ఎక్కువగా ఉండేది తయారీ లైను పని, బయోస్ మాదిరి చిప్పులో ఉండే ప్రోగ్రామ్ రాసే ఈ ఫర్మ్‌వేర్ పని వేరు. దీనికి బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ చూసుకోవాల. ఇంటెల్‌కు బెంగళూరులో, ఏఎండీకి హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ, బయోస్ తయారుచేసే ఏఎమ్ఐకి చెన్నైలో ఆఫీసులు ఉండాయి. బయోస్ ఇంజినీర్, ఫర్మ్‌వేర్ ఇంజినీర్ అనే పేర్లతో వెతకాల. సాఫ్ట్‌వేర్‌లో మాదిరిగా ఒక్క కాలేజీకొచ్చి వందమందిని తీసుకొనిపోరు, ఖాళీలు తక్కువ, కానీ ఈ పని తెలిసినోళ్ళూ తక్కువే. ఒకవేళ ఇందులో దొరక్కపోయినా ఇదే సీ లాంగ్వేజీ, ఇదే లైనక్స్‌తో ఎంబెడెడ్ ఉద్యోగాలకు, అంటే యంత్రాల లోపలి చిన్న కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాసే పనికి పోవచ్చు, చదివింది వృథా కాదు.

వాడిలో లోపాలూ ఉండాయి. సీ లాంగ్వేజీలో పాయింటర్ల మీద రెండు ప్రశ్నలడిగితే తడబడినాడు, బయోస్ నుంచి విండోస్‌కో లైనక్స్‌కో బోర్డు వివరాలు, పవర్ సంగతులు అందించే ఏసీపీఐ జోలికే పోలేదు, చిప్పు కంపెనీ ఇచ్చే వివరాల పుస్తకం డేటాషీట్‌ని పూర్తిగా చదవడు, కావాల్సిన పేజీ వెతుక్కొని మిగతాది వదిలేస్తాడు. రోజూ సాయంత్రం గంట సీ, ఇంకో గంట డేటాషీట్ అని చెప్పినా, సరే అన్నాడు, మీరు కూడా అప్పుడప్పుడూ అడగండి.

ముఖ్యమైంది ఒకటి. వాడి పని వాడి కంప్యూటర్లోనే ఉండిపోతే ఇంటర్వ్యూలో ఎవురూ నమ్మరు. చిన్నదైనా ఒక ప్యాచ్, అంటే కోడ్‌లో చేసిన మార్పు, కోర్‌బూట్ వాళ్ళకు పంపాల, వాళ్ళు గెరిట్ అనే కోడ్ పరిశీలించే సైట్‌లో లైను లైను చదివి ఇది మార్చు అది మార్చు అంటారు, పదిసార్లు తిప్పి పంపినా కోపం తెచ్చుకోకుండా దిద్దాల. అది ఒప్పుకున్నారంటే వాడి పేరుతో శాశ్వతంగా అక్కడుంటుంది, రెజ్యూమేలో ఆ లింకు పెడితే ఏ సర్టిఫికెట్టూ దానికి సాటిరాదు.

ఖర్చు భయం వద్దు. ప్రతి ప్రయోగమూ నిజం బోర్డు మీదే చెయ్యక్కర్లా, క్యూఈఎమ్‌యూ అనే ప్రోగ్రామ్‌లో ఉత్తుత్తి బోర్డు మీద బూట్ చేసి చూసుకోవచ్చు, దానికి పైసా కాదు. నిజం చిప్పు మీద రాసేటప్పుడు మాత్రం ముందు పాత బయోస్‌ని రెండుమూడు సార్లు చదివించి, ఆ ఫైళ్ళన్నీ అచ్చంగా ఒకేలా ఉంటేనే ముందుకు పోవాల, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో దాచాల. ఇంకో జాగ్రత్త, చిప్పులో బయోస్ రాసే సీహెచ్341ఏ అనే చవక పరికరాల్లో నల్లరంగు బోర్డువి కొన్ని 3.3 వోల్టుల చిప్పుకు 5 వోల్టులు పంపిస్తాయి, మల్టీమీటర్‌తో కొలిచినాకే తగిలించమనండి. మీ అంగడి లెక్కలున్న ల్యాప్‌టాప్‌ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లో ముట్టుకోనియ్యొద్దు.

నాలుగో సంవత్సరం మొదటి సెమిస్టర్ అయిపోయేదాకా టైమ్ ఇవ్వండన్నా. అప్పటికి ఒక్క ప్యాచన్నా లోపలికి పోయి, సీ గట్టిపడి ఉంటే ఆ 60 వేలు మీ దగ్గరే ఉంచుకోండి. పోలేదంటే వాడినే కూర్చోబెట్టి మాట్లాడదాం, అప్పుడు కూడా ఫుల్‌స్టాక్ కాదు, ఎంబెడెడ్ కోర్సు చూద్దాం. దసరా సెలవుల్లో వాణ్ణి తిరుపతిలో నా దగ్గరికి పంపించండి, వచ్చేటప్పుడు ఆ రెండు రిజిస్టర్ల ప్రింట్లూ తెమ్మనండి.