పాత సౌండ్ చిప్పు, ఇంటి కంప్యూటరు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా ఒడిశా సరిహద్దు నుంచి, రెండు మహారాష్ట్ర వైపు నుంచి వచ్చాయి. దాదాపు అందరి అనుమానమూ చిప్పు మీదే. చాలా ఉత్తరాల్లో చిప్పు నిర్దోషి.

ప్ర: ఏవై-3-8910 సౌండ్ చిప్పుని ఆర్డుయినో ఊనో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుకి కలిపాను. డిజిటల్‌రైట్‌తో (ఒకసారికి ఒక పిన్నునే మార్చే ఆజ్ఞ) రిజిస్టర్లు, అంటే చిప్పు లోపలి అంకెల గడులు, రాస్తున్నాను. ఒకసారి స్వరం పలుకుతుంది, మరోసారి గరగర. రెండో చిప్పు పెట్టినా అంతే. రెండూ పోయినట్టేనా అండీ? (బరంపురం)

జ: రెండు చిప్పులూ ఒకేలా తప్పు పలికితే తప్పు బయటుందని అర్థం. ఈ చిప్పుకి ఆజ్ఞలిచ్చేవి బీడీఐఆర్ (27వ పిన్ను), బీసీ1 (29). బీసీ2 (28)ని నేరుగా 5 వోల్టులకు కట్టెయ్యండి. ఇక బీడీఐఆర్, బీసీ1 రెండూ సున్నాగా ఉంటే చిప్పు బస్సు (డేటా తీగల) నుంచి తప్పుకుంటుంది. రెండూ ఒకటైతే రిజిస్టరు నంబరు అందుకుంటుంది. బీడీఐఆర్ ఒక్కటే పైకి లేస్తే డేటా రాసుకుంటుంది, బీసీ1 ఒక్కటే లేస్తే తనే డేటాని బయటికి పంపుతుంది.

మీ ప్రోగ్రాములో నంబరు పంపేటప్పుడు ముందు బీడీఐఆర్‌ని, తరవాతి వరుసలో బీసీ1ని లేపుతున్నారు. ఆ మధ్యనున్న కొన్ని మైక్రోసెకన్లు చిప్పు దృష్టిలో 'రాయి' అన్న ఆజ్ఞే. దాంతో కిందటిసారి ఎంచిన రిజిస్టరులో ఇప్పటి నంబరు పడిపోతుంది. గరగర అందుకే. పోనీ అని బీసీ1ని ముందు లేపితే చిప్పూ ఆర్డుయినో ఒకే తీగల మీద ఎదురెదురుగా తోసుకుంటాయి. అది ఇంకా చెడ్డది.

రెండు తీగలనూ ఊనో 8, 9 పిన్నులకు పెట్టి, పోర్ట్‌బికి (ఆ పిన్నులను కలిపి మార్చే గడికి) ఒకే రాతతో ఒక్కసారిగా మార్చండి. దించేటప్పుడూ అంతే. రాత పల్సు, అంటే 'రాయి' అన్న ఆజ్ఞ నిలిచే సమయం, 500 నానోసెకన్లకు తగ్గకూడదు, 10 మైక్రోసెకన్లు దాటకూడదు. ఏ8 (25) 5 వోల్టులకు, ఏ9 (24) గ్రౌండుకు వెళ్లాలి. 26, 39 పిన్నులు ఖాళీగా వదిలెయ్యండి. రీసెట్ (23)ని 10 కె రెసిస్టరుతో 5 వోల్టులకు కట్టి, కరెంటు ఇచ్చాక ఒకసారి గ్రౌండుకు తాకించండి. 40కీ 1కీ మధ్య, చిప్పుని ఆనుకునే, 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటరు ఉండాలి.

పరీక్షకి క్లాకు 2 మెగాహెర్ట్జ్ ఇచ్చి 7వ రిజిస్టరులో 62, 8లో 15, 0లో 28, 1లో 1 రాయండి. 'ఏ' (A) ఛానెల్లో 440 హెర్ట్జ్ ఆగకుండా మోగాలి. 'ఏ' ఛానెల్ అంటే 4వ పిన్ను. అక్కణ్ణుంచి గ్రౌండుకు 1 కె రెసిస్టరు తప్పనిసరి. ఈ చిప్పు కరెంటుని బయటికి ఇస్తుందే గాని కిందికి లాగదు.

ఇదే చిప్పుని జెడ్80 ప్రాసెసరుకి కలిపేవారికి ఒక మాట. 4 మెగాహెర్ట్జ్ జెడ్80లో అవుట్ ఆజ్ఞ రాత పల్సు 625 నానోసెకన్లు వస్తుంది, హాయిగా సరిపోతుంది. 8 మెగాహెర్ట్జ్‌లో 312 మాత్రమే. మరో రెండు వెయిట్ స్టేట్లు (ప్రాసెసరు ఆగి ఉండే క్లాకులు) కలిపితే 562 అయి గట్టెక్కుతుంది.

ప్ర: ఏవై చిప్పు క్లాకు కోసం 3.58 మెగాహెర్ట్జ్ క్రిస్టలు మా ఊళ్లో దొరకదు. పాత కలర్ టీవీ బోర్డులు రెండున్నాయి. వాటిలోది పనికొస్తుందా? (రాయగడ)

జ: వస్తుంది, కానీ లెక్క మారుతుంది. మన పాత టీవీలు పాల్ కలర్ పద్ధతివి కనుక క్రిస్టలు డబ్బా మీద 4.433619 అని ఉంటుంది. కొన్ని బోర్డుల్లో దానికి రెట్టింపు, 8.867238 ఉంటుంది. ఏవై చిప్పు 1 నుంచి 2 మెగాహెర్ట్జ్ మధ్యే పని చేయాలి. 4.43ని రెండుతో భాగిస్తే 2.217, అంటే హద్దు దాటింది. 74హెచ్‌సీటీ74లోని రెండు ఫ్లిప్‌ఫ్లాపులనూ (ఒక్కోటి రెండుతో భాగిస్తుంది) వరుసగా పెట్టి నాలుగుతో భాగించండి, 1.108 వస్తుంది. 8.86 క్రిస్టలైతే ఎనిమిదితో. క్రిస్టలు తనంతట తాను ఊగదు. 74హెచ్‌సీయూ04లో ఒక గేటు, దానికి అడ్డంగా 1 మెగాఓమ్, రెండు కాళ్ల నుంచి గ్రౌండుకు చెరొక 22 పికోఫారడ్ పెట్టాలి.

స్వరం లెక్క: క్లాకుని 16తో, ఆపైన కావలసిన హెర్ట్జ్‌తో భాగించడమే. 1.108 దగ్గర 440కి 157 వస్తుంది. ఎమ్మెస్ఎక్స్ అనే పాత ఇంటి కంప్యూటర్ల కోసం రాసిన పాటలు (వాటి క్లాకు 1.79) అలాగే వినిపిస్తే ఎనిమిది అరస్వరాలకు పైగా కిందికి దిగుతాయి. పాట ఫైళ్లు వినడమే మీ ఉద్దేశమైతే 3.579545 క్రిస్టలు పోస్టులో తెప్పించుకోవడమే మంచిది. పది రూపాయల వస్తువు కోసం ప్రతి పట్టికనూ తిరగరాయడం మాకు దండగనిపిస్తుంది.

ప్ర: ఆన్‌లైన్‌లో కొన్న ఏవై చిప్పు మీద అక్షరాలు నిన్న అచ్చేసినట్టు మెరుస్తున్నాయి. అసలుదో నకిలీదో ఎలా తేల్చాలి? (ధర్మాబాద్)

జ: దూదికి అసిటోన్ అద్ది రుద్దండి. నలుపు దూదికి అంటితే పాత పేరు గీకేసి, రంగు పూసి, కొత్త పేరు అచ్చేశారన్నమాట. కానీ లోపల ఏముందో చెప్పేది రిజిస్టరే. 1వ రిజిస్టరులో 255 రాసి తిరిగి చదవండి. జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ వారి ఏవై అయితే వాడని పై నాలుగు బిట్లనూ సున్నా చేసి 15 ఇస్తుంది. 255కి 255 వస్తే అది దాని బదులు వాడే యమహా వైఎం2149.

వైఎం అయినా బాధపడక్కర్లేదు. ఎన్వలప్ (ధ్వని పెరిగి తగ్గే తీరు) 16 మెట్లకు బదులు 32 మెట్లలో దిగుతుంది, ఇంకా నున్నగా వినిపిస్తుంది. ఒక్క జాగ్రత్త, వైఎంలో 26వ పిన్ను క్లాకుని సగం చేసే పిన్ను. దాన్ని గ్రౌండుకు కడితే అన్నీ ఒక స్థాయి కింద పలుకుతాయి. అలాగని అదేమీ దోషం కాదు, 3.58 క్రిస్టలు చేతిలో ఉంటే భాగించే చిప్పు లేకుండా నేరుగా వాడుకోవచ్చు.

ప్ర: బీబీసీ మైక్రో అనే పాత కంప్యూటరు బోర్డు నుంచి ఎస్ఎన్76489 సౌండ్ చిప్పు తీసి నా బోర్డులో పెట్టాను. స్విచ్చి వెయ్యగానే కీచుమంటుంది, ఏం రాసినా మాట వినదు. (పర్లాకిమిడి)

జ: బడుల్లో కంప్యూటరు నేర్పడానికి 1984లో మొదలైన క్లాస్ పథకం కింద మన బడులకు వచ్చినవి బీబీసీ మైక్రోలే, కాబట్టి ఇలాంటి బోర్డులు ఇంకా బయటపడుతుంటాయి. కీచుమనడం ఆ చిప్పు పుట్టుగుణం. కరెంటు రాగానే రిజిస్టర్లలో ఏదుంటే అది మోగిస్తుంది. బీబీసీ మైక్రో ఆన్ చెయ్యగానే వినిపించే మొదటి కూత అదే. మీ ప్రోగ్రాము మొదట్లోనే 159, 191, 223, 255 వరుసగా పంపితే నాలుగు ఛానెళ్లూ నోరు మూసుకుంటాయి.

మాట వినకపోవడానికి కారణం దాదాపుగా తీగల వరుస. చిప్పు తయారుచేసిన టెక్సస్ వారి పత్రంలో, డేటా పిన్నుల్లో డీ0 అంటే అన్నిటికన్నా పెద్ద బిట్టు. మిగతా ప్రపంచంలో అది చిన్నది. మీ డీ7ని చిప్పు డీ0కి, డీ6ని డీ1కి, అలా తలకిందులుగా కలపండి. ఇంకొకటి, ఒక్కో బైటు మింగడానికి చిప్పుకి సుమారు 32 క్లాకులు కావాలి, 4 మెగాహెర్ట్జ్ దగ్గర 8 మైక్రోసెకన్లు. రెడీ పిన్ను లేచేదాకా డేటాని కదపకండి. రెడీ ఓపెన్ కలెక్టరు (కిందికి లాగడమే తెలిసిన పిన్ను), 5 వోల్టులకు కట్టే పుల్అప్ రెసిస్టరు లేకపోతే ఎప్పటికీ లేవదు.

ప్ర: సముద్రం పక్కనే ఇల్లు. పాత చిప్పు కాళ్లు నల్లబడ్డాయి, నొక్కితే ధ్వని వస్తుంది, వదిలితే పోతుంది. (గోపాలపూర్)

జ: ఆ నలుపు ఉప్పుది కాదు, వెండి పూతకి గాలిలోని గంధకం పట్టడం వల్ల వచ్చింది. పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో తుడవండి. గరుకు కాగితం వద్దు, పూతే పోతుంది. ఉప్పుగాలి దెబ్బ తగిలేది చవక సాకెట్టు రేకులకి. వాటిని తీసేసి గుండ్రటి పిన్నుల సాకెట్టు వెయ్యండి.

ప్ర: కమొడోర్ 64 అనే పాత కంప్యూటరులోని సిడ్ సౌండ్ చిప్పుతో మొదలుపెట్టొచ్చా? (సిరొంచ)

జ: మొదటి బోర్డుకి వద్దు. సిడ్ రెండు రకాలు: 6581కి 5తో పాటు 12 వోల్టులు కావాలి, 8580కి 9. 8580ని 12 మీద పెడితే చచ్చిపోతుంది. ఫిల్టరు కెపాసిటర్లు కూడా వేరు: కమొడోర్ బోర్డుల్లో 6581కి 470 పికోఫారడ్, 8580కి 22 నానోఫారడ్. అరుదైన చిప్పు కనుక నకిలీల బెడదా ఎక్కువే. వైఎం2149తో చెయ్యి తిరిగాక ఇటు రండి.

ప్ర: ఏవైని ఎల్ఎం386 ఆంప్లిఫైయరు చిప్పుకి కలిపితే ధ్వని పగిలిపోతోంది. (జయపురం)

జ: 1, 8 పిన్నుల మధ్య 10 మైక్రోఫారడ్ ఉంటే తీసెయ్యండి. అది ఉంటే 200 రెట్లు, తీస్తే 20 రెట్లు. ఏవైకి 20 కూడా ఎక్కువే, ముందు 10 కె వాల్యూము పెట్టండి.